సద్ది విప్పే ముందు

లచ్చిని తీసుకుపోయిన రోజున నేను అక్కడే ఉన్నాను. చావడి ముందు, పదిమంది ఆడవాళ్ల వెనక, చేతిలో బలపాల డబ్బాతో నిలబడి ఉన్నాను.

మా ఊళ్లో దొర కూతురికి లగ్గమైతే ఆమె వెంట ఒక పిల్లను పంపుతారు. ఆ పిల్లను ఆడబాప అంటారు. అత్తగారి గడిలో, కోటలాంటి ఆ ఇంట్లో, చాకిరీ అంతా ఆమెదే. మగవాళ్లు పిలిచిన చోటికి పోవలసిందీ ఆమే. ఆమెకు పెళ్లి ఉండదు, ఇల్లు ఉండదు, తిరిగి రావడం ఉండదు. వెట్టి రద్దయిందని సర్కారు కాగితం మీద రాసుకుంది కాబట్టి మా దొర ఒక పద్ధతి పెట్టాడు. పిల్లను చావడి ముందు నిలబెట్టి, భుజం మీద కొత్త రైకగుడ్డ వేస్తారు. గుమాస్తా పురుషోత్తం ఊరి ముందర మూడుసార్లు అడుగుతాడు: "పోతవా?" పిల్ల మాట్లాడదు. మూడోసారి అయ్యాక, "ఊరంత చూసిండ్రు. కాదనలే" అంటాడు. బండి కదులుతుంది.

ఆ ప్రశ్నకు ఏ పిల్లా జవాబు చెప్పగా నేను చూడలేదు.

లచ్చికి పన్నెండేళ్లు. మిషను వాళ్ల ఒంటిగది బడిలో నా దగ్గర చదువుకునే ఆరుగురు ఆడపిల్లల్లో అందరికంటే గట్టిగా ఎక్కాలు చెప్పేది. ఆ పిల్ల రైకగుడ్డ అంచు పట్టుకుని మూడుసార్లూ నేలనే చూసింది. ఒక్కసారి మాత్రం నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

ఎనిమిది నెలలకు కబురు వచ్చింది. చిట్యాల అవతల, అడవి అంచున ఉన్న ఆ గడి బావిలో తేలిందట. కాలు జారిందని చెప్పారు.

ఆ రోజు నా కూతురు రూతు అన్నం కలిపి, తినకుండా కూర్చుంది. దానికి పదిహేడేళ్లు. తండ్రి గత్తర జబ్బుతో పోయినప్పటి నుంచి ఇంట్లో మేమిద్దరమే.

"అవ్వా, లచ్చి ఎందుకు మాట్లాడలే?"

"భయం బిడ్డా."

"ఎక్కాలు చెప్పేటప్పుడు లేకుండె గద భయం?"

"అవి పుస్తకంల ఉన్నయి. సొంత మాట నలుగుర్ల ఎన్నడన్న చెప్పిందా అది?"

"మరి బడిల ఎందుకు చెప్పియ్యలే?"

ఇరవై ఏళ్లుగా పిల్లలకు పాఠాలు అప్పజెప్పడమే నేర్పాను. నిన్న నీకేమైంది అని ఒక్క పిల్లను నేను అడగలేదు.

అది పుష్య మాసం. దొర మిరప తోటల్లో కాయ ఏరడానికి ఇంటికొక ఆడమనిషి వెట్టికి పోవాలి. పిల్లలంతా తోటల్లోనే ఉంటారు కాబట్టి బడి ఖాళీ. పంతులమ్మ ఇల్లని మాకు మినహాయింపు ఉండేది. రూతు మాత్రం మా వాడలో జ్వరంతో పడుకున్న ఒకామె బదులు తోటకు పోయింది. మరునాడూ పోయింది. మధ్యాహ్నం నేను సద్ది పట్టుకుపోయేదాన్ని. అట్లా చూశాను.

పన్నెండు మంది పిల్లలు. మాదిగవాడ నుంచి, గొల్లవాడ నుంచి, తండా నుంచి. ఇంతకు ముందు ఎవరి సద్ది వాళ్లు వేరువేరుగా, ఒకరికొకరు వీపు పెట్టుకుని తినేవాళ్లు. రూతు వాళ్లను తోట ఒడ్డు మీద గుండ్రంగా కూర్చోమంది.

"సద్ది విప్పకుండ్రి. ముందుగాల ఒక్కొక్కరు మీ పేరు చెప్పుండ్రి. అవ్వ పేరు, బాపు పేరు చెప్పుండ్రి. ఎనక నిన్న ఏమైందో ఒక్కటంటే ఒక్కటి చెప్పుండ్రి. అందరు చెప్పినంకనే తినుడు."

"ఎందుకక్కా?" అని అడిగింది సరోజ. గొల్లవాడ పిల్ల. నోరు పెద్దది.

"గడిల నిన్నేమని పిలుస్తరు?"

"ఓ పోరీ అంటరు."

"నన్నూ గదే అంటరు. మన పేర్లు మనమన్న చెప్పుకుందం."

సరోజ కూర్చోలేదు. "మాదిగోళ్ల పక్కన కూసున్ననని తెలిస్తే మా అవ్వ ఇంట్లకు రానియ్యది."

"నిలబడి చెప్పు. ఇనేటందుకు అంటు లేదు" అంది రూతు.

సరోజ మూడు రోజులు నిలబడే చెప్పింది. నాలుగో రోజు కాళ్లు గుంజుతున్నాయని కూర్చుంది. తర్వాత లేవలేదు.

నియమాలు రెండే. ఒకరు చెబుతుంటే మధ్యలో మాట్లాడకూడదు. చెప్పడం అయిపోయాక అయ్యో అనకూడదు, సలహా ఇవ్వకూడదు, నవ్వకూడదు. విన్నామని చెప్పడానికి అందరూ కలిసి ఒక్క మాట అనాలి: "ఇన్నం."

తండా ధన్‌సింగ్ కూతురు తుల్సీబాయి వాళ్ల భాషలో మొదలుపెడితే ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. రూతు వాళ్ల వైపు చూసింది. "దాని మాట దానిది. సమజ్ కాకుంటే మల్ల అడుగుదం. ముందు ఇనుండ్రి." తుల్సీ తన భాషలో చెప్పి, మళ్లీ తెలుగులో చెప్పింది. "నిన్న దొర జీతగాడు నా బుట్ట తన్నిండు. కాయలు మల్ల ఏరుకున్న. గంతే."

"ఇన్నం."

అందరికంటే వెనకబడింది సుక్కి. చెప్పులు కుట్టే పోశాలు కూతురు. పదమూడేళ్లుంటాయి. మాట్లాడేటప్పుడు అరచేయి నోటికి అడ్డం పెట్టుకుంటుంది. మొదటి రోజు దాని వంతు వచ్చేసరికి నెత్తిన ఎండ. అందరి చేతులూ సద్ది మూటల మీదే ఉన్నాయి. సుక్కి నోరు విప్పదు.

"నీ పేరు నీకు యాదికి లేదా పోరీ?" సరోజ ఉండబట్టలేకపోయింది. "ఆకలైతాంది!"

అందరూ నవ్వారు. సుక్కి కూడా చేతి వెనక నవ్వింది. నవ్వుతూనే ఏదో అంది.

"ఇనబడలే" అంది రూతు. "ఒడ్డు అవతలికి ఇనబడాలె."

ఒడ్డు అవతలికి వినబడడానికి సుక్కికి తొమ్మిది రోజులు పట్టింది.

ఆ పిల్లలు చెప్పుకున్నవి పెద్ద విషయాలు కావు. గొర్రె రెండు పిల్లల్ని ఈనిందనీ, ఒకదాన్ని గడికి పట్టుకుపోయారనీ ఒకరు చెప్పారు. అవ్వ నిన్న తనకు తల దువ్విందని ఇంకొకరు. మిరప మంట చేతులతో కళ్లు నలుపుకున్నానని మరొకరు. కానీ పది రోజులకే తేడా తెలిసింది. తుల్సీ బుట్టను జీతగాడు మళ్లీ తన్నబోయాడు. తుల్సీ లేచి నిలబడి, "నా పేరు తుల్సీబాయి. బుట్ట తన్నకు" అంది. వాడు ఏం చేయాలో తోచక పక్క సాలుకు పోయాడు. ఆ మధ్యాహ్నం తుల్సీ వంతు వచ్చినప్పుడు "ఇన్నం" అన్న కేక తోట చివరిదాకా పోయింది.

పదో రోజున సుక్కి నోటి మీద చేయి లేకుండా చెప్పింది.

"నా పేరు సుక్కి. మా అవ్వ పేరు రాజవ్వ. మా బాపు పేరు పోశాలు. నిన్న మా బాపు నన్ను చూసుకుంట ఏడ్చిండు. ఎందుకో చెప్పలే."

ఎందుకో అక్కడున్న అందరికీ తెలిసిపోయింది. దొర రెండో కూతురికి ఫాల్గుణంలో లగ్గం. ఎవరిని పంపుతారా అని ఊరంతా లోలోపల ఎదురుచూస్తోంది.

పిల్లలు "ఇన్నం" అన్నారు. ఆ రోజు చాలా నెమ్మదిగా అన్నారు. సద్ది ఎవరూ సరిగా తినలేదు.

ఆదివారం నాడు తండాలో ధన్‌సింగ్ వాకిట్లో, దొరలను ఎదిరించే రైతుల సంఘం మీటింగు జరిగింది. జనగామ నుంచి సంఘం నాయకుడు సంజీవ వచ్చాడు. లెవీ ధాన్యం గురించి, గుంజుకున్న భూముల గురించి మాట్లాడాడు. తర్వాత పోశాలు లేచి, చేతులు కట్టుకుని, "నా బిడ్డ ముచ్చట" అని ఆగిపోయాడు. మా ఊరి సంఘం పెద్ద ఓదెలు అందుకున్నాడు.

"అందులకు ఆలోచన ఏముంది? బండికి అడ్డం పడుదం. యాభై గుత్ప కర్రలున్నయి మనకాడ."

ఆడవాళ్ల వైపు నుంచి రూతు లేచింది.

"అన్నా, పిల్లతోని పోను అనిపిద్దం."

"ఎవలతోని? సుక్కితోనా?" ఓదెలు నవ్వాడు. "ఒడ్డు మీద కూసోని ముచ్చట్లు జెప్పుకుంట సద్ది తింటరట గద మీరు. గట్ల దొర దిగొస్తడా?"

మగవాళ్లు నవ్వారు. వాళ్ల నవ్వు ఆగేదాకా రూతు ఊరుకుంది. ఆ ఓపిక నేను నేర్పింది కాదు. ఒడ్డు మీద నేర్చుకుంది.

"గుత్పలు వద్దన్ననా నేను? తెండ్రి. కని మీరు ఆపితే దొర ఏమంటడు? పిల్ల కాదనలే, సంగపోళ్లే జబర్దస్తి చేసిండ్రు అంటడు. మీరు పొలంల ఉన్ననాడు చూసి మల్ల అడుగుతడు. మల్ల అది తల వంచుకుంటది. పోను అనే మాట దాని నోట్లకెల్లి రావాలె. వచ్చినంక దాని ఎనుక మీ గుత్పలుండాలె. ముందల కాదు, ఎనుక."

సంజీవ కళ్లు చిన్నవి చేసి చూశాడు. "చెల్లె, పదమూడేండ్ల పోరి మీద ఇంత బరువు పెడ్తున్నవా?"

"ఇప్పుడు ఎవరి మీదున్నది? బండెక్కేది ఎవరన్నా?"

"నేనే, అన్నా" అని పిల్లల్లోంచి వినబడింది. సుక్కి. నోటి మీద చేయి ఉంది. అయినా వినబడింది.

సంజీవ కూర్చున్నాడు. "సరె. ఎనుకనే ఉంటం" అన్నాడు. ఓదెలు గొణిగాడు గానీ కాదనలేదు.

ఇంటికి వచ్చాక రూతును అడిగాను. "నాకు నువ్వొక్కదానివే బిడ్డా. గీ పని ఇంకెవలన్న చెయ్యరాదా?"

"పోశాలుకు ఎందరున్నరవ్వా?" అంది. అంతటితో ఆ మాట ముగిసింది.

ఫాల్గుణంలో ఒక బుధవారం పొద్దున డప్పు మోగింది. చావడి ముందు ఊరంతా పోగైంది. బండి సిద్ధంగా ఉంది. ఎదురుగా గడి అరుగు మీద దొర. పక్కన కర్రలు పట్టుకున్న గడి మనుషులు ఎనిమిది మంది. పోశాలు నడుము వంగిపోయి ఉన్నాడు. సుక్కిని నడిమధ్య నిలబెట్టారు. పురుషోత్తం ఎర్ర రైకగుడ్డ విప్పి దాని భుజం మీద వేశాడు.

"ఊరందరు చూస్తాండ్రు. జబర్దస్తి లేదు. చెప్పు పోరీ. పోతవా?"

సుక్కి నేల చూసింది.

"పోతవా? రెండోసారి."

దాని కుడిచేయి మెల్లగా లేచి నోటి మీదికి పోయింది. రూతు వైపు చూశాను. అది కదల్లేదు. ఒకరి వంతులో ఇంకొకరు మాట్లాడకూడదు. ఆ నియమం పెట్టింది అదే.

అప్పుడు జనంలోంచి సరోజ గొంతు పగిలేలా అరిచింది.

"ఆకలైతాంది పోరీ!"

మిగతా పదకొండు మంది పిల్లలూ ఒక్కసారి నవ్వారు. దొర కోపంగా అటు తిరిగాడు. జనానికి ఏమీ అర్థం కాలేదు. సుక్కి చేయి నోటి మీదినుంచి దిగింది.

"నా పేరు సుక్కి" అంది. చెరువుకట్ట దాకా వినబడేటట్టు అంది. "మా అవ్వ పేరు రాజవ్వ. మా బాపు పేరు పోశాలు. నిన్న ఏమైందో చెప్త."

"నిన్నటి ముచ్చట ఎవడడిగిండే?" పురుషోత్తం తడబడ్డాడు. "పోతవా లేదా, గదొక్కటి చెప్పు."

కానీ నలుగురి ముందు మాట్లాడడానికి సుక్కికి తెలిసిన దారి అదొక్కటే. ఆ దారిలోనే నడిచింది.

"నిన్న పొద్దుగాల నన్ను గడికి పిలిచిండ్రు. నోరు తెరువుమన్నరు. పండ్లు చూసిండ్రు, ఎద్దుకు చూసినట్టు. మా బాపు వద్దు దొరా అన్నడు. బాపును ఎండల వంగబెట్టి ఈపు మీద రాయి పెట్టిండ్రు. పొద్దు నెత్తి మీదికి వచ్చిందాక తియ్యలే. నేను చూసిన. మా అవ్వ చూసింది. నేను పోను."

వెంటనే పదకొండు గొంతులు లేచాయి: "ఇన్నం."

పోశాలు నడుము నిటారు చేశాడు. "ఇన్న బిడ్డా" అన్నాడు. ఓదెలు అన్నాడు. తండా వాళ్లు అన్నారు. గొల్లవాడ ఆడవాళ్లు కొంగులు నోట్లోంచి తీసి అన్నారు. ఊరంతా ఒకే మాట అనడం నేను పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

"ఏం చూస్తాండ్రు? ఎక్కియ్యుండ్రి!" దొర లేచాడు.

గడి మనుషులు కదిలారు. వాళ్లకంటే ముందే పిల్లలు సుక్కి చుట్టూ గుండ్రంగా కూర్చున్నారు. వాళ్ల చుట్టూ తల్లులు. వాళ్ల వెనక గుత్పలు. సుక్కి ముందు అని, ఊరు వెనక అని తండాలో అనుకున్నది అనుకున్నట్టే జరిగింది. కర్ర పట్టుకున్న వాడు ఒక్కో ఆడమనిషిని తొక్కుకుంటూ లోపలికి పోవాలి. ఆ ఆడవాళ్లలో గడి మనుషుల తల్లులున్నారు, అక్కలున్నారు.

అప్పుడే గడి వాకిలి దగ్గర నీళ్లబిందె దించిన చప్పుడైంది. మణెమ్మ వచ్చింది. దొర తల్లి వెంట ఆడబాపగా వచ్చిన మనిషి. అరవై దాటి ఉంటాయి. ఆమె పని చూడడమే తప్ప ఆమె మాట ఎవరూ వినలేదు. మెల్లగా వచ్చి వలయం అంచున కూర్చుంది.

"నేను గూడ చెప్పొచ్చునా బిడ్డా? నిన్నటిది కాదు. మస్తు ఏండ్లది."

"చెప్పవ్వా" అంది రూతు.

"నా పేరు మణెమ్మ. మా అవ్వ పేరు... మా అవ్వ పేరు లింగవ్వ." ఆ పేరు వెతుక్కోవడానికి ఆమెకు కొంత సేపు పట్టింది. "నన్ను గిట్ల అడుగుడు గూడ లేకుండె, బండెక్కిచ్చిండ్రు. నేను మాట్లాడలే. ఈ గడిల ముగ్గుర్ని కన్న. ఒక్కరు గూడ నన్ను అవ్వా అని పిలువలే. పిలువనియ్యలే. గంతే."

"ఇన్నం" అంది ఊరు.

గడి మనుషుల్లో ఒకడు కర్ర దించాడు. వాడు ఆమె కన్న కొడుకని ఊళ్లో అందరికీ తెలుసు, వాడికీ తెలుసు. మిగతావాళ్లు వాడి మొహం చూసి ఆగిపోయారు.

ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు చెప్పారు. పొద్దు వాలేదాకా చెప్పారు. దొర గడి లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. పెళ్లిబండి ఆడబాప లేకుండా కదిలింది. ఆ రోజు చావడి ముందు కులం పట్టింపు లేకుండా ఊరు సద్ది తిన్నది.

నాలుగో రోజు పోలీసులు వచ్చారు. బడికి తాళం వేశారు. ఓదెలును, రూతును పట్టుకుపోయారు. "పిల్లలకు మాటలు నేర్పింది నువ్వేనా?" అని పోలీసు అమీను అడిగితే, "మాటలు వాళ్లకాడనే ఉన్నయి" అని చెప్పింది రూతు. ఆ జవాబుకు అక్కడే చెంప మీద కొట్టాడు. నేను బండి వెంట ఊరు దాటేదాకా నడిచాను. "ఇంటికి పో అవ్వా. రేపు ఒడ్డు కాడికి నువ్వే పోవాలె" అంది.

నలభై రోజులకు దాన్ని ఒక మంచం మీద తెచ్చి మా వాకిట్లో దించిపోయారు. వీపు మీద చర్మం లేదు. మూడు రోజులు బతికింది. నీళ్లు అడిగింది. సుక్కి వచ్చి చేయి పట్టుకుంటే గుర్తుపట్టింది. అంతకంటే ఎక్కువ నేను రాయలేను.

నలుగురి కంటే ఎక్కువ మంది సమాధి దగ్గరికి పోకూడదని హుకుం వచ్చింది. ఒడ్డు మీది మాట పాకిన నాలుగు ఊళ్ల ఆడపిల్లలు వచ్చారు. మట్టి కప్పాక చుట్టూ కూర్చున్నారు. అమీను ఇద్దరు జవాన్లతో వచ్చి, నా చేతికి ఒక కాగితం ఇచ్చాడు. జ్వరంతో చనిపోయిందని రాసి ఉంది. కింద సంతకం పెట్టమన్నాడు.

"పంతులమ్మవు, నీకు తెలియందేముంది? పెట్టు. బడి మళ్ల తెరిపిస్తం."

పిల్లలు నా వైపు చూస్తున్నారు. వంతు నాదయింది. అన్నాళ్లు ఒడ్డు మీదికి సద్ది మోశాను గానీ, ఆ వలయంలో నేను ఒక్కసారి కూడా కూర్చోలేదు. కూర్చున్నాను.

"నా పేరు ఎస్తేరు. మా అవ్వ పేరు మరియమ్మ. నా బిడ్డ పేరు రూతు. నిన్న నా బిడ్డ చచ్చిపోయింది. ఠాణాల కొట్టిన దెబ్బలకు చచ్చిపోయింది. జ్వరమని సంతకం పెట్టుమంటుండ్రు. నేను పెట్ట."

కాగితాన్ని మడిచి అమీనుకు తిరిగి ఇచ్చాను. రూతు కోరినట్టే, ఒడ్డు అవతలికి వినబడేంత గట్టిగా చెప్పాను. పిల్లలు ఎట్లా బదులిచ్చారో చెప్పనవసరం లేదు. జవాన్లు లాఠీలు ఎత్తారు. దెబ్బలు పడ్డాయి. సుక్కి కణత పగిలింది. రక్తం తుడుచుకుంటూ లేచి నిలబడి, తన పేరు నుంచి మొదలుపెట్టింది. చివరి పిల్ల చెప్పేదాకా ఎవరూ లేవలేదు.

బడి తాళం ఇంకా తీయలేదు. ఒడ్డు మీదనే బడి నడుస్తోంది. మొదట పేర్లు, తర్వాత అక్షరాలు. తుల్సీ తండాల్లో నడుపుతోంది. సరోజ గొల్లవాడల్లో. ఏడు ఊళ్లలో ఇప్పుడు చావడి ముందు ఆ ప్రశ్న అడగడానికి ఏ గుమాస్తా రావడం లేదు.

చిల్పూరు నుంచి కాటారం అడవి దాకా ఆడబాపలున్న గడులు, మాకు తెలిసినవి, మా ఊరిది కాక పద్నాలుగు. వాటిలో ఒక్కదాని వాకిలి దాకా కూడా మేము ఇంకా పోలేదు.